గువ్వ మోసిన మిర్చి

జనవరి 6, 2025

ఈ డైరీ చర్చిల పంచిండ్రట. అమ్మ తెచ్చి నా మంచం మీద పడేసి, గోడలు చూసుకుంట కూసునే బదులు ఇందుల ఏమన్న రాసుకోమన్నది. రాస్తాన్న.

వరంగల్ మట్టెవాడల మా గల్లీ మొత్తానికి నేను విమానం చేసే పిల్లను. నౌకరి పోయి ఇంటికొచ్చి రెండు నెలలైంది, ఇంకా అదే పేరు. పొద్దున పాలప్యాకెట్ కోసం పోతే కిరాణం షాపు కళావతక్క, జెస్సీ నీ విమానం ఏడిదాంక వచ్చిందని అడుగుతది. ఆగిపోయింది అక్కా అంటే, అయ్యో, తొవ్వలనా అంటది.

తొవ్వలనే. మా కంపెనీ బెంగళూర్ల ఉండె. చిన్న కార్గో విమానం చేసినం. ముందట పంకా తిప్పే ఒక్క టర్బోప్రాప్ ఇంజన్, మీద రెక్క, కడుపుల ఒక టన్ను సరుకు. పెద్ద విమానాలు పోని ఊర్లకు, మట్టి రన్‌వే మీద గూడ దిగాలె. మందులు, కూరగాయలు, పార్సిళ్ళు మోయాలె. పేరు గువ్వ. మా చీఫ్ డిజైనర్ రమాకాంత్ సార్ పెట్టిండు, ఆయనది మా పక్కన హన్మకొండనే. ప్రోటోటైప్ ఒక్కటే తయారైంది. ఇసుక బస్తాలు వేసుకోని కొన్నిసార్లు గాల్లకు లేచింది, మంచిగనే దిగింది. తర్వాత ఇన్వెస్టర్లు తప్పుకున్నరు. ఇంజన్ ఇచ్చినోళ్ళు వచ్చి ఇంజన్ విప్పుకోని పోయిండ్రు. నవంబర్ల మమ్మల్ని ఇండ్లకు పొమ్మన్నరు.

నేను చేసింది తలుపు. ఏడేండ్లు ఆ తలుపే. పక్కన ఉంటది, పైకి లేస్తది, గోడల సగం అదే. అంత పెద్దది పెడితే బాడీ వీక్ అయితదని మీటింగుల మస్తు మంది కొట్లాడిండ్రు. వీక్ కాకుంట చేసిన. కానీ ఆ తలుపుల నుంచి ఇసుక తప్ప ఏ సరుకూ లోపలికి పోలే.

జనవరి 21

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. డ్రోన్ కంపెనీ. వాళ్ళ దానికి తలుపే లేదు.

ఫిబ్రవరి 3

మా పాత వాట్సాప్ గ్రూపుల మెసేజ్ వచ్చింది. షెడ్డు ఖాళీ చేస్తాండ్రట. గువ్వను కోసి తుక్కు కింద అమ్ముతరట.

మెసేజ్ చదివి అన్నం ప్లేటు అట్లనే పెట్టి హన్మకొండకు పోయిన. సార్ డాబా మీద కుండీలకు నీళ్ళు పోస్తాండు. నేను చెప్పేది మొత్తం విన్నడు. కొయ్యనియ్యి, మనిషి పోయినంక పీనుగను దాచుకుంటమా అన్నడు. మళ్ళ నీళ్ళు పోసుకుంటనే ఉన్నడు. నీళ్ళు కుండీల నుంచి పొర్లి కింద పారుతానయి, చూస్తలేడు.

కిందికొచ్చినంక సార్ భార్య పద్మలత ఆంటీ నా చెయ్యి పట్టుకున్నది. సార్ వచ్చిన కాడి నుంచి గేటు దాటలేదట. పెండ్లికి పిలిస్తే పోడు, కటింగ్‌కు పోడు, మంగలాయననే ఇంటికి పిలిపిస్తాండట. విమానం మాట ఎత్తితే లేచి డాబా మీదికి పోతడట. నువ్వన్న ఏమన్న చెయ్యి బిడ్డా అన్నది.

నేనేం చేస్త. నాకే నౌకరి లేదు.

ఫిబ్రవరి 4

ఏడ్చిన. అమ్మ చూసింది. కాసేపైనంక వచ్చి, దాన్ని ఎవలన్న అట్లనే ఉంచుకుంటమంటే ఇస్తరా అని అడిగింది. ఇస్తరేమో, ఎవలు ఉంచుకుంటరు అన్న. అమ్మ చీర మార్చుకోని బయటికి పోయింది.

ఫిబ్రవరి 5

అమ్మ ముప్పై ఏండ్లు దవాఖానల నర్సు. వరంగల్ల సగం మంది అమ్మ చేతుల మీద పుట్టినోళ్ళే, మిగిలిన సగం వాళ్ళ తల్లులు. నిన్న ఆమె పోయింది స్నేహలత మేడం కాడికి. మేడం ఊరవతల ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్. ఆమె కాన్పు కష్టమైనప్పుడు పొద్దందాక పక్కన నిలబడ్డది అమ్మనేనట. అది ఎన్నడూ నాకు చెప్పలే.

ఇయ్యాల నన్ను తీసుకపోయింది. మేడం అడిగినయి రెండే. ఎగురుతదా. ఎగరది. పిల్లలు విప్పి చూడొచ్చా. చూడొచ్చు. ఏరోనాటికల్ పిల్లలు నాలుగేండ్లు బొమ్మలల్లనే విమానం చూసి పోతాండ్రు, ఇది వస్తే నాకు పండుగనే అన్నది. వర్క్‌షాప్ ఎనక పెద్ద షెడ్డు చూపించింది. అందుల ఇరిగిన బెంచీలున్నయి. అప్పుడే తీపియ్యమని చెప్పింది.

బస్సుల వచ్చేటప్పుడు అమ్మ అన్నది, అడిగితే కాదంటరని మీ సదువుకున్నోళ్ళకు మస్తు భయం.

ఫిబ్రవరి 26

ఇచ్చిండ్రు. చదువు కోసమని మేడం రాసిస్తే, కంపెనీవోళ్ళు గువ్వను కాలేజీకి ఇచ్చిండ్రు. అమ్మను ఎత్తుకోని తిప్పిన. నడుము పట్టిందని ఇప్పుడు మందు రాసుకుంటాంది.

సార్‌కు ఫోన్ చేసి చెప్పిన. మంచిది అని పెట్టేసిండు.

మార్చి 16, బెంగళూరు

పొద్దున షెడ్డు తెరిచేసరికి గేటు కాడ సార్ నిలబడి ఉన్నడు. కొత్త కటింగ్. చేతుల చిన్న బ్యాగు.

నమస్తే సార్ అన్న, ఇంకేం అనాల్నో తెలువక. రెక్క విప్పేటప్పుడు ముందుగాల ఎనక బోల్టు తియ్యాలె, మీరు ముందట బోల్టు తీసి దాన్ని నాశనం చేస్తరు, అందుకే వచ్చిన అన్నడు. నిజానికి ఆ సంగతి విప్పడానికొచ్చిన మా పాత టీం అందరికీ తెలుసు. స్పానర్ తెచ్చి సార్ చేతికే ఇచ్చినం.

సాయంత్రం దాంక సార్ అరుచుకుంటనే ఉన్నడు. స్పానర్ అట్ల పట్టద్దు, తాడు ఇట్ల కట్టద్దు. పాత రోజుల లెక్కనే. మస్తు సంతోషమైంది. ఆంటీకి వీడియో పంపిన. ఆమె ఒక్క ముక్క రాసింది: అరుస్తాండా, అరవనియ్యి.

మార్చి 18

బయలెల్లినం. రెక్కలు, తోక వేరే లారీల ముందుగాల పోయినయి. బాడీ ట్రెయిలర్ మీద. మీద రెక్క కూర్చునే చోట టార్పాలిన్ గట్టిగ కట్టినం. డ్రైవర్ మధన్నది డోర్నకల్. వాళ్ళ నాయిన రైల్వేల చేసిండట. రైలింజన్ గూడ మోసిన గని విమానం ఇదే మొదలు మేడం అన్నడు. కేబిన్ల ముగ్గురం, మధన్న, సార్, నేను.

మార్చి 19

టోల్ గేట్ కాడ ఒకాయన, ఎగిరిపోయేదాన్ని రోడ్డు మీద ఎందుకు తీసుకపోతాండ్రని అడిగిండు. చిన్నది కదా, ఇంకా నడక నేర్చుకుంటాంది అన్నడు సార్. సార్ జోక్ చేసిండు. తారీఖు వేసి రాసుకుంటాన్న.

మార్చి 20, పొద్దున

హైదరాబాద్ల ఫ్లైఓవర్ల కింద పట్టదని సూర్యాపేట మీదికెళ్ళి వస్తానం. ఇంకాసేపట్ల మరిపెడ. ఎండ మస్తు కొడ్తాంది. రోడ్డుకు అటు ఇటు కళ్ళాలల్ల ఎర్రగ మిర్చే. సార్ నిద్రపోతాండు. సాయంత్రానికి కాలేజీ.

మార్చి 20, సాయంత్రం

కాలేజీకి చేరలే. వరంగల్ల ఎనుమాముల మిర్చి మార్కెట్ గేటు కాడ ఉన్నం. ఎందుకు చేరలేదో మొత్తం రాయాలె, ఒక్క ముక్క మర్సిపోవద్దు.

మరిపెడ దాటినంక చాయ్ కోసం ఆగినం. హోటల్ పక్కనే రోడ్డు వార మిర్చి బస్తాలు కుప్పేసి ఉన్నయి. వాటి కాడ ఇద్దరు ఆడోళ్ళు. పెద్దామె మొగిలమ్మ, చిన్నామె ఆమె కోడలు వినోద. ఎకరంనర పంట, ఏరి, ఎండబెట్టి, బస్తాలకెత్తి, మార్కెటుకు పోవడానికి డీసీఎం వ్యాను మాట్లాడుకున్నరట. డీసీఎం రాలే. తొవ్వల చెడిపోయిందని ఒకసారి ఫోన్ ఎత్తిండట, మళ్ళ ఎత్తుతలేడు. ఖమ్మం దిక్కు మబ్బు నల్లగ దిగుతాంది. గాలి లేచింది. వాళ్ళు కప్పిన పట్ట ఒకటి లేచి కరెంటు తీగలకు పోయి తట్టుకున్నది. ఎండిన మిర్చి తడిస్తే నల్లబడ్తది, బూజు పడ్తది. సంవత్సరం కష్టం పోతది. చాయ్ హోటల్ చిన్న రేకుల డబ్బా, అందుల మనుషులకే జాగ చాలది.

మొగిలమ్మ విమానం చుట్టూ తిరిగింది. కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు కడుపు మీద వేళ్ళతోని కొట్టి చూసింది. లోపల ఏమున్నది బిడ్డా అని నన్నడిగింది. ఏమీ లేదు అత్తా అన్న. ఖాళీగనే పోతాందా అన్నది. ఔ. ఏడికి. వరంగల్‌కు.

నేను గూడ వరంగల్‌కే, అన్నది.

అంతే అన్నది. బతిమిలాడలే. నన్ను చూసుకుంట నిలబడ్డది.

మధన్న ముందే చెప్పిండు, నా పర్మిట్ల విమానమే ఉన్నది, మిర్చి లేదు అని. నేను సార్ దిక్కు చూసిన. సార్ ఒద్దంటడనుకున్న. గువ్వ లోపల చెప్పుకాలు పెట్టనియ్యని మనిషి. ఆయన మబ్బు చూసిండు, కుప్ప చూసిండు. బస్తా ఎన్ని కిలోలు ఉంటదమ్మా అని అడిగిండు. నలభై అన్నది.

తలుపు తియ్యి జెస్సికా, అన్నడు.

తీసిన. ఏడేండ్ల తలుపు, నాలుగు నెలల నుంచి ముయ్యబడి ఉన్న తలుపు, ఒక్క చేత్తోని లేపితే ఆగకుంట మీదికి పోయింది. వినోద నోరు తెరిచి చూసింది. ఇంత తలుపా అన్నది. ఎంత మందికి ఎన్నిసార్లు చూపించిన ఈ తలుపు, స్క్రీన్ల మీద. ఎవలూ అట్ల చూడలే.

హోటలాయన, ఆడ ఆగిన ఆటోల మనుషులు, అందరు చేతులేసిండ్రు. కింది నుంచి మధన్న అందిస్తాండు, లోపల సార్ నేను పడేస్తానం. పడేస్తలేం, పేరుస్తానం. సార్ సుద్దముక్కతోని ఫ్లోర్ మీద గీతలు గీసి, మొదటి వరుస రెక్క కూసునే జాగ కింద, తర్వాత ముందట, ఆఖరుకు ఎనక అంటాండు. బ్యాలెన్స్ కోసం. మొగిలమ్మకు కోపమొచ్చింది. యాడేస్తేంది సారూ, రోడ్డు మీదనే కదా పోయేది అన్నది. విమానంల వేసినంక విమానం లెక్కనే వెయ్యాలమ్మా అన్నడు సార్. ఆమె తిట్టుకుంటనే గీత మీద పెట్టింది.

లోపల టన్ను అయ్యింది. సార్ చెయ్యెత్తి ఆపిండు. కింద ఇంకా బస్తాలున్నయి. ఫస్ట్ చినుకు నా మెడ మీద పడ్డది. టన్ను అంటే టన్ను. దాని మీద ఒక కిలో ఎక్కువైనా ఒప్పుకోని మీటింగులు నాకు గుర్తున్నయి. మొగిలమ్మ కింద నుంచి ఆయననే చూస్తాంది. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నడు.

ఇయ్యాల గాల్లకు లేచేది లేదు కదా, ఎయ్యుండ్రి, అన్నడు.

ఆఖరు బస్తా నేను వినోద కలిసి తోసినం. అప్పటికే గాలి తలుపును గుంజుతాంది. ఇద్దరం హ్యాండిల్‌కు వేలాడినం. తలుపు దిగింది. లాకులు ఒకదాని ఎనక ఒకటి పడ్డయి. ఎంటనే రాళ్ళవాన.

అందరం చాయ్ డబ్బాల ఇరుక్కోని నిలబడ్డం. రేకుల మీద రాళ్ళ మోత, ఒకల మాట ఒకలకు వినొస్తలేదు. ఆ తలుపును నీళ్ళతోని టెస్ట్ చేసినం, కానీ పైపుతోని. వాన పైపు కాదు. రబ్బరు ఎండిపోయి ఉంటే. లారీ కుదుపులకు పక్కకు జరిగి ఉంటే. మొగిలమ్మ మాత్రం చాయ్ తాగుతాంది. భయమైతలేదా అత్తా అన్న. తలుపు నువ్వే చేసినవట కదా, మీ సారు చెప్పిండు, నువ్వు చెప్పు, వస్తాయా నీళ్ళు, అన్నది.

రావు అన్న.

మరింక ఫికర్ ఏంది అన్నది.

వాన ఆగినంక నేనే పోయి తీసిన. ఫ్లోర్ మీద సుద్దగీతలు అట్లనే ఉన్నయి. ఒక్క చుక్క లేదు. మొగిలమ్మ బస్తా మూతిల చెయ్యి పెట్టి ఒక కాయ తీసి విరిచింది. పటుక్కుమన్నది. ఆ సప్పుడుకు అందరు నవ్విండ్రు.

లోపల ఘాటు నిండింది. సార్ కాలు పెట్టిండో లేదో తుమ్ములు. తుమ్ముకుంట నవ్వుతాండు, నవ్వుకుంట తుమ్ముతాండు. కండ్ల పొంటి నీళ్ళు. మిర్చి ఘాటు అన్నడు. ఔ సార్ అన్న. నాకు గూడ అదే.

బయలెల్లేటప్పుడు మొగిలమ్మ, కేబిన్ల కాదు, గువ్వ ముందట పైలట్ సీట్ల కూసుంట అన్నది. మధన్న తల పట్టుకున్నడు. బెల్టు పెట్టుకుంటెనే అన్నడు సార్, దగ్గరుండి బిగించిండు. పక్క సీట్ల వినోద. తొర్రూరుల జనం చేతులూపిండ్రు. మొగిలమ్మ గూడ ఊపింది, అంతా ఆమె చేసినట్టు. వర్ధన్నపేటల ట్రాఫిక్ పోలీసాయన ఆపబోయి, పైలట్ సీట్ల ముక్కుపుల్ల పెట్టుకున్న ముసలామెను చూసి, చెయ్యి దించి పొమ్మన్నడు.

మార్కెట్ గేటు పొద్దుందాంక తెరవరట, ఈడనే ఆగినం; ఫోన్ చేస్తే అమ్మ ఆటోల వచ్చింది. ఈస్టర్ ముందటి తపస్సు కాలమని ఆమె మాంసం ముట్టది, అందరికి బగారన్నం, ఆలుగడ్డ కూర తెచ్చింది. టిఫిన్ మొగిలమ్మ చేతుల పెట్టి ముందుగాల గువ్వ కాడికి పోయింది. మొదటిసారి చూసుడు. చెయ్యి పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాంక నడిచింది. తలుపు కాడ ఆగింది. ఎట్ల తియ్యాలె అని అడిగింది. చూపించిన. తీసింది. మూసింది. మళ్ళ తీసింది. ఏడేండ్లల్ల క్రిస్మస్‌కు గూడ రెండుసార్లే వచ్చినవు, ఏం చేస్తానవో నాకు తెలువకపాయె, అన్నది. మళ్ళ మూసి, లాకు పడ్డ సప్పుడు విన్నది. మంచిగున్నది బిడ్డా అన్నది.

ఇగ రాయలేను.

మార్చి 21

పొద్దున మార్కెట్ల దించినం. నిన్నటి వానకు చుట్టుపక్కల ఊర్లల్ల తడిసిన సరుకు మస్తు వచ్చింది. మొగిలమ్మది ఆరిన సరుకు, మంచి రేటు పలికింది. హమాలీలు బస్తాల కంటె విమానాన్నే ఎక్కువ చూసిండ్రు. పోయేటప్పుడు ఆమె గువ్వ ముక్కుకు బొట్టు పెట్టింది. సార్ ఒద్దనలే. మధ్యాహ్నం కాలేజీ గేటు దాటినం, స్నేహలత మేడం మూడొందల మంది పిల్లలతోని రోడ్డు మీదనే నిలబడి ఉన్నది.

ఏప్రిల్ 9

రెక్క బిగించినం. పిల్లలే ఎత్తి పట్టిండ్రు, సార్ అరిచిండు. పద్మలత ఆంటీ కుర్చీ వేసుకోని చూసుకుంట కూసున్నది. నిన్న సార్ ఆమెను బజారుకు తీసుకపోయి చీర కొనిచ్చిండట. అది చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలె.

లోపల ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోతలేదు. మొదటి క్లాసు మొత్తం తుమ్ములల్లనే నడిచింది. క్లాసు చెప్పింది నేనే. మేడం అడిగితే సరే అన్న. జూన్ నుంచి పర్మనెంట్. సార్ వారానికి రెండు రోజులు వస్త అన్నడు, నాలుగు రోజులు వస్తాండు.

కళావతక్కకు చెప్పిన, విమానం వరంగల్ దాంక వచ్చిందక్కా అని. అయితే మట్టెవాడకు ఎప్పుడొస్తది అన్నది.

మే 11

మొగిలమ్మ అత్త, వినోద వచ్చిండ్రు, రెక్కలతోని చూస్తమని. మామిడికాయలు తెచ్చిండ్రు. అత్త రెక్కలను ఎక్కువ పట్టించుకోలే. తలుపు కాడనే నిలబడి ఎత్తుడు, దించుడు. వాళ్ళ మిర్చి గదికి చిన్న తలుపట. బస్తా ఎత్తుకోని వంగి పోవాలె, వంగి రావాలె. మబ్బు పట్టినప్పుడు ఉరుకులాట. గోడ మొత్తం ఇట్ల లేస్తే ఎంత మంచిగుండు అన్నది. నేను నవ్విన. ఆమె నవ్వలే. మరిపెడల వెల్డింగ్ షాపు ఉన్నది, గీసియ్యి, అన్నది.

గీసిన. గాలి ప్రెషర్, బరువు లెక్కలు, అన్ని తీసేస్తే ఎంత అల్కగ ఉన్నదో. రేకు, ఇనుప పైపులు, రెండు పక్కల బరువు దిమ్మలు, ఒక ఆడమనిషి ఒక్క చేత్తోని లేపాలె. సార్ చూసి ఒక్క చోట మార్చిండు. అది కరెక్టే.

జూన్ 22, ఆదివారం

మొగిలమ్మ అత్త ఫోన్. వెల్డింగాయన డ్రాయింగ్ మళ్ళ అడుగుతాండట, చెమటకు అలుక్కుపోయిందట. నీ గది ఇంకా కాలేదా అత్తా అన్న. నాది ఎప్పుడో అయింది బిడ్డా, ఇవి పక్కూరోళ్ళయి, ఇంకో ఐదు చెయ్యాలె, అన్నది.